తడి దుప్పటి నీడ

నేను భయపడని వాటి పేర్లు చెప్పమని ఎవరైనా అడిగుంటే ఎండ పేరు మొదట చెప్పేదాన్ని. ఆ తర్వాత ఏం చెప్పాలో వెతుక్కునేదాన్ని. గ్యాసు సిలిండరు మార్చిన రోజు నాకు నిద్ర పట్టదు. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే ఎవరికో ఏదో అయిందని గుండె గుభేలుమంటుంది. పిల్ల స్కూలు నుంచి కాస్త ఆలస్యమైతే చాలు, బస్సు ఏ మలుపులో ఎలా పల్టీ కొట్టిందో కళ్ళకు కట్టినట్టు కనపడుతుంది. పడిపోయిన బస్సుకి ఒక చక్రం ఇంకా తిరుగుతూ ఉండటం కూడా కనపడుతుంది. "నీ బుర్రలో రోజుకొకరు చస్తారే, ఎలా మోస్తున్నావో పాపం," అనేది మా అత్తయ్య.

ఎండ అలా కాదు. ఎండ మా ఇంటి మనిషి. మాది లాండ్రీ. ముందు రెండు గదుల్లో మేముంటాం. వెనక పెద్ద పెరడు, పెరడంతా సిమెంటు తొట్లు, దండేలు. ఆస్పత్రి దుప్పట్లు, లాడ్జి దుప్పట్లు, హాస్టలు దిండు గలేబులు, అన్నీ తెల్లవే. రంగు గుడ్డ మేం ముట్టుకోం. అది మా మామయ్య పెట్టిన పద్ధతి. తెలుపులో మా తర్వాతే ఎవరైనా అని ఆయనకి గర్వం. "సబ్బు కొనాలి, నీలిమందు కొనాలి, ఆఖరికి నీళ్ళు కూడా కొనాలి. ఎండ ఒక్కటే ఊరికే వస్తుంది," అనేవాడు పోయేవరకూ. తెల్లారి లేవగానే ఇంట్లో అందరం ముందు ఆకాశం వంక చూస్తాం. ఎండ కాస్తే ఆ రోజు గడిచినట్టే మాకు.

ఆ ఏడు చలి వెనకపడుతుండగా మా పిల్లకి జ్వరం మొదలైంది. ఇంట్లో దాన్ని పిచిక అంటాం. పుట్టినప్పుడు పిడికెడంత ఉండేది. పదో తరగతికి వచ్చి నా భుజం దాటినా ఆ పేరు పోలేదు. జ్వరం వస్తుంది, పోతుంది. పొద్దున లేచేసరికి వేళ్ళు ముడుచుకోవు, పెన్ను పట్టుకోలేదు. రెండు బుగ్గల మీదా, ముక్కు మీదుగా ఎర్రటి మచ్చ తేలింది, ఇస్త్రీపెట్టె ఆవిరి కొట్టినట్టు. నేను ఎప్పటిలాగే నాకు తెలిసిన చెడ్డ జబ్బులన్నీ లోపల అనుకున్నాను. అందులో ఇది లేదు. దీని పేరు నేనెప్పుడూ వినలేదు.

పెద్దాస్పత్రి డాక్టరమ్మ రిపోర్టులు చూసి, కుర్చీ మా వైపు జరుపుకుంది. డాక్టర్లు కుర్చీ జరుపుకుంటే ఏమిటో నాకు తెలుసు. చేతిసంచి గట్టిగా పట్టుకున్నాను.

"దీన్ని లూపస్ అంటారమ్మా. రోగాలు రాకుండా ఒంట్లో ఒక కాపలా ఉంటుంది కదా, అది ఈ పాపకి దారి తప్పింది. బయటి నుంచి వచ్చేవాటిని వదిలేసి సొంత ఒంటినే కొడుతోంది. ఇప్పటికి చర్మం, కీళ్ళు. మనం జాగ్రత్తగా లేకపోతే కిడ్నీల మీదికి వెళ్తుంది. అక్కడికి వెళ్ళనివ్వకూడదు."

"ఎవరివల్ల వచ్చిందండీ?" అన్నాను.

"ఎవరివల్లా కాదు. ఎందుకు వస్తుందో పూర్తిగా మాకూ తెలీదు. కానీ దాన్ని రెచ్చగొట్టేది ఒకటుంది. ఎండ."

మా ఆయన నవ్వాడు. నవ్వొచ్చి కాదు, ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలీక. "ఎండా అండీ?" అన్నాడు.

"ఎండే. నీడలో ఉంచండి. బయటికి తీసుకెళ్తే ఒళ్ళంతా కప్పండి. మందులు ఒక్కరోజు కూడా మానొద్దు."

ఇంటికొస్తూ దారంతా నా చేతిసంచి పిల్ల నెత్తి మీద పట్టుకుని నడిచాను. "అమ్మా, సంచిలోంచి దువ్వెన గుచ్చుకుంటోంది," అంది. గుచ్చుకోనీ అన్నాను.

ఆ సాయంత్రమే కిటికీలకి అట్టలు కొట్టాం. తలుపు కింద సందులో గోనె దోపాను. మాది రేకుల కప్పు. వేసవి ముదిరేసరికి ఆ గది కుండలా ఉడికేది. మధ్యాహ్నం కరెంటు పోతే లోపల ఊపిరి సలిపేది కాదు. పిల్ల నేల మీద పడుకుని, చెంప సిమెంటుకి ఆనించి, నోరు తెరుచుకుని చూసేది. ఎండ చంపకపోతే ఈ ఉక్క చంపేలా ఉందని నాకు కొత్త భయం పట్టుకుంది. రోజూ మధ్యాహ్నం మా ఆయన గుమ్మంలో నిలబడి చూసేవాడు.

ఒక రోజు పొద్దున్నే చూస్తే పెరట్లో కొత్త తాళ్ళు కడుతున్నాడు. నాలుగు దండేలు నలుచదరంగా, పైన అడ్డంగా ఇంకో రెండు. వాటి మీద పిండీ పిండని దుప్పట్లు నేల తాకేలా దించాడు. పైన కూడా పరిచాడు. లోపల పిల్ల మంచం పట్టేంత చోటు.

"తడి దుప్పట్ల మధ్య కంటే చల్లటి చోటుందా ఎక్కడైనా?" అన్నాడు. "చూడు, లోపలికి వచ్చి చూడు."

వెళ్ళాను. నిజంగానే చల్లగా ఉంది. సబ్బు వాసన, నీలిమందు వాసన. అంచుల నుంచి నీళ్ళు చుక్కలుగా పడుతున్నాయి. లోపల వెలుగు మెత్తగా, పాలల్లో కూర్చున్నట్టు ఉంది. ఎండ ఎక్కడా సూటిగా లేదు.

ఇది మాకు కొత్తేమీ కాదు. వేసవిలో మా అలసట తీర్చుకునేది దుప్పట్ల నడుమే. టీ తాగేది అక్కడ, కునుకు తీసేది అక్కడ. మా ఆయన్ని పసివాడుగా ఉన్నప్పుడు అత్తయ్య అక్కడే పడుకోబెట్టి ఉతుక్కునేదట. లాండ్రీ వాళ్ళ పిల్లలకి నీడంటే అదే. వాళ్ళమ్మ పెంచిన నీడలోనే తన కూతుర్నీ పెడుతున్నాడు.

పిచికకి ప్రాణం లేచొచ్చింది. పుస్తకాలన్నీ ఆ దుప్పట్ల డేరాలోకి చేరాయి. మేం తొట్ల దగ్గర ఉతుకుతుంటే లోపలి నుంచి దాని గొంతు వినపడుతూ ఉండేది. వాళ్ళ సైన్సు టీచరు సెలవులకి ముందు ఏదో చెప్పిందట, దాన్ని ఆటగా చేసుకుంది.

"అమ్మా, ఏదో ఒకటి చెప్పు. దేన్నైనా సరే ఎండ దగ్గరికి తీసుకెళ్ళి వదిలిపెడతాను."

"నాకు పనుంది."

"పని చేస్తూనే చెప్పు. నోరు ఖాళీయేగా."

"రొట్టె."

"రొట్టె గోధుమల్లోంచి, గోధుమలు మొక్కలోంచి, మొక్క ఎండ తిని పెరిగింది. కష్టమైంది చెప్పమ్మా."

"గుడ్డు."

"కోడి, గింజ, ఎండ."

"ఇదిగో, ఈ గాలి."

"ఎండకి ఒకచోట నేల బాగా వేడెక్కుతుంది, ఒకచోట తక్కువ. ఆ తేడాకే గాలి కదులుతుంది. నీ దుప్పట్లు ఊపేది కూడా ఎండేనమ్మా."

తొట్టి అవతలి నుంచి అత్తయ్య అందుకుంది. "నా మోకాళ్ళ నొప్పి చెప్పవే, అదెక్కడి నుంచి వచ్చిందో."

"నువ్వు తిన్న తిండి నుంచి బరువు, బరువు నుంచి నొప్పి. తిండి ఎండ నుంచి. ఎండే నానమ్మా."

"అవునా? ఇన్నాళ్ళూ అనవసరంగా మీ తాతని తిట్టానే."

మా ఆయన తడి దుప్పట్ల గంప దింపుతూ ఆగాడు. "బొగ్గు చెప్పు చూద్దాం. నేల అడుగున, చీకట్లో ఉంటుంది. అక్కడికి ఎండ ఎలా పోయింది?"

"నాన్నా, అది అన్నిటికంటే సులువు. మనుషులు పుట్టకముందు అడవులుండేవి. ఎండ తాగి పెరిగి, బురదలో పడి, మట్టి కింద నలిగి నలిగి బొగ్గయ్యాయి. బొగ్గంటే మడతపెట్టి దాచిన ఎండ."

మా ఆయన దానికి చాలాసేపు నవ్వాడు. మా పెరటి చివర మామయ్య నాటి వేడిగది ఒకటుంది. వానాకాలంలో గుడ్డలు ఆరబెట్టడానికి కట్టింది. లోపల ఇనప పొయ్యి, గోడ వెంబడి గొట్టం, బొగ్గు వేయాలి. ముసురు పట్టినప్పుడు తప్ప దాని జోలికి పోం. "అయితే మీ తాత ఎండ ఊరికే వస్తుందన్నాడు కానీ, మడతపెట్టిన ఎండకి మాత్రం డబ్బులిచ్చాడన్నమాట," అన్నాడు.

"మరి ఎండ కానిది ఏదీ లేదా?" అన్నాను నేను.

లోపల పేజీలు తిరగేసిన చప్పుడైంది. "ఉన్నాయి, కొన్ని. భూమి లోపలి వేడి ఎండది కాదట. సముద్రం పోటు ఎక్కువగా చందమామది. ఇంకా కొన్ని లోహాల్లో దాగి ఉండే శక్తి. అంతే. మన ఇంట్లో కనపడేవన్నీ దానివే."

ఆ మాటకి భయపడాల్సింది నేను. పిల్లని దేనికి దూరంగా ఉంచమన్నారో అదే అన్నిట్లో ఉందంటే, మామూలుగా అయితే నాకు ఆ పూట అన్నం దిగేది కాదు. కానీ భయం వేయలేదు. దుప్పటి మీద పిల్ల నీడ లేతగా కదులుతోంది, పుస్తకం పేజీ తిప్పుతోంది. అది చాలనిపించింది.

"ఏమే, ఈ మధ్య నువ్వు ఎవర్నీ చంపటం లేదు," అంది అత్తయ్య. "ఫోను మోగినా తాపీగా వెళ్తున్నావు. నువ్వు భయపడటం మానేశావంటే నాకేదో భయంగా ఉంది."

నాకు తెలిసిన ఒకే ఒక్క జాగ్రత్త దుప్పటి ఆరిపోకుండా చూడటం. ఆరితే ఎండ లోపలికి వచ్చేస్తుందని నా లెక్క. పైన పరిచినది కాస్త తెల్లబారి గాలికి తేలడం మొదలెట్టగానే చేతిలో పని వదిలేసి పరుగెత్తేదాన్ని. ఆరినది లాగేసి, తొట్లోంచి తీసిన దాన్ని పిండకుండానే వేసేదాన్ని. "అమ్మా, నా పుస్తకం తడుస్తోంది," అని అరిచేది. పుస్తకం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు అనేదాన్ని.

వేసవి నడిమికి వచ్చేసరికి పిల్ల ఆట తగ్గింది. మళ్ళీ జ్వరం. నోట్లో పుళ్ళు. మందు ఒంటికి పట్టడానికి నెలలు పడుతుందని ముందే చెప్పారు కాబట్టి అదే అనుకున్నాం. ఒక రోజు నాతో అంది, "అమ్మా, బాత్రూమ్‌కి వెళ్తే నురగ వస్తోంది, సబ్బు నీళ్ళలాగా."

నేను బకెట్టు నీళ్ళు తీసుకెళ్ళి బాత్రూమ్ కడిగాను. మా ఇంట్లో నురగ లేని చోటేది? తొట్లలో నురగ, కాలవలో నురగ, మా కాళ్ళకి నురగ. ఇంకో ఇంటి తల్లయితే ఆ మాటకి ఉలిక్కిపడేదేమో.

తర్వాత ఒక పొద్దున దాని చెప్పులు విప్పుతుంటే, పట్టీ ఉన్నచోట కాలి మీద గాడి పడి ఉంది. వేలితో నొక్కాను. వేలు తీశాక కూడా ఆ గుంట అలాగే ఉంది. దాని వంకే చూస్తూ కూర్చున్నాను. మెల్లగా, చాలా మెల్లగా పూడింది.

ఆస్పత్రిలో వెంటనే చేర్చుకున్నారు. డాక్టరమ్మ రిపోర్టులు పట్టుకుని వచ్చేటప్పటికి నేను మంచం పక్కన స్టూలు మీద ఉన్నాను, మా ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. పిల్ల నిద్రపోతోంది.

"కిడ్నీల మీదికి వచ్చింది. ఆ నురగా, ఆ కాళ్ళ వాపూ దానివల్లే," అంది. "ఎండలో ఉంచారా?"

"లేదండీ," అన్నాడు మా ఆయన. "ఒక్కపూట కూడా లేదు." ఎక్కడ లేని హుషారుగా చేతులు చాచి చూపించాడు. దండేలు ఇలా కట్టానని, దుప్పట్లు అలా దించానని, పైన కూడా కప్పానని, ఆరీ ఆరగానే మళ్ళీ తడివి వేస్తామని. "ఇంట్లోకంటే అక్కడే చల్లగా ఉంటుందండీ. కావాలంటే మా అమ్మని అడగండి."

డాక్టరమ్మ అంతా విన్నది. మంచం కాళ్ళ దగ్గర మడతపెట్టి ఉన్న దుప్పటి తీసింది. మూల మీద ఎర్రదారంతో మా లాండ్రీ గుర్తు కుట్టి ఉంది. అది మేం ఉతికినదని ఆవిడకి తెలీదు. చేతులు కడుక్కునే సింకు దగ్గర దాని కొస తడిపి, కిటికీలో వెలుగుకి ఎదురుగా పట్టుకుంది. రెండో చేయి దాని వెనక పెట్టింది.

చేయి కనపడింది. అయిదు వేళ్ళూ, వేళ్ళ మధ్య సందులూ, మణికట్టుకి ఉన్న గడియారం పట్టీ.

"పొడిగా ఉంటే కొంతైనా ఆపుతుంది," అంది నెమ్మదిగా. "పలచటి తెల్లగుడ్డ తడిస్తే ఇంతే. వేడి తగలదు, అందుకని నీడ అనిపిస్తుంది. ఈ పాపకి చెరుపు చేసేది వేడి కాదు. వెలుగులో కంటికి కనపడనిది ఒకటుంది, అది లోపలికి వచ్చేస్తుంది." గుడ్డ దించింది. "మీకు తెలీదు. నేనూ అడగలేదు. నీడలో ఉంచమన్నాను, అంతే."

దుప్పటి కొస నుంచి నేల మీద నీళ్ళు పడుతున్నాయి. ఎవరైనా జారి పడతారని తుడవడానికి గుడ్డ కోసం వెతికాను. మా ఆయన ఆవిడ చేతిలోంచి దుప్పటి అందుకున్నాడు. సింకు దగ్గరికెళ్ళి కొస పిండాడు. అలవాటు కొద్దీ ఒక్కసారి దులిపాడు. ఆ చప్పుడుకి పిల్ల కదిలింది. ఆరేయడానికి అటూ ఇటూ చూసి, ఎక్కడా చోటు లేక, చేతుల మీద వేసుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ తర్వాతి రోజులు నాకు వరసగా గుర్తులేవు. సెలైను సీసాలు, గోడకి ఆనుకుని నిద్ర, క్యాంటీను టీ. ఏడవాలని తెలుసు. రాలేదు. ఏమవుతుందో అని కూడా అనుకోలేదు. ఎన్నాళ్ళుగానో దేనికి భయపడుతూ వచ్చానో అది ఎదురుగా మంచం మీద పడుకుని ఉంటే, ఇంక భయపడటానికి ఏం మిగల్లేదు. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది ఒకరోజు. ఎవరో కూడా చూడలేదు. పక్క మంచం ఆవిడ, "మీ గుండె గట్టిదమ్మా," అంది. సరే అన్నాను.

గట్టి మందులకి పిల్ల మొహం ఉబ్బి గుండ్రంగా అయింది. నర్సు దగ్గర అద్దం అడిగి తీసుకుని చూసుకుంది.

"చందమామనైపోయానమ్మా. ఎండ కానిది అడిగావుగా, ఇదిగో."

"చందమామ వెలుగూ ఎండదేగా," అన్నాను. దానికి నవ్వొచ్చింది. ఆట నాకు వచ్చేసిందంది.

రొట్టె తుంచి పిల్ల నోట్లో పెడుతుంటే నా చేయి ఆగిపోయేది. గోధుమ, మొక్క, ఎండ. పాలగ్లాసు ఎత్తితే ఆవు, గడ్డి, ఎండ. పిచిక కనిపెట్టింది. "తినే ఎండ ఏం చేయదమ్మా," అంది. "అది దారిలో చాలా చేతులు మారి వస్తుంది. మెత్తబడిపోతుంది."

"నిన్ను ఆ భూమి అడుక్కి తీసుకెళ్ళి దాచేస్తే సరిపోతుంది. అక్కడి వేడి దీనిది కాదన్నావుగా."

"అక్కడ రాళ్ళే కరిగిపోతాయట."

"అయితే వద్దులే."

ఆస్పత్రిలో దుప్పట్లు మార్చినప్పుడల్లా పిల్ల మూల వెతికి మా ఎర్రదారం గుర్తు చూసుకునేది. ముక్కుకి ఆనించుకుని వాసన పీల్చేది. మన పెరడు వాసన అనేది. ఎండలో ఆరిన గుడ్డకి ఒక వాసన ఉంటుంది, అది ఇంకెలా ఆరినా రాదు. నేను అలా పీల్చొద్దని చెప్పాలనుకునేదాన్ని. చెప్పడానికి కారణం తోచేది కాదు.

ఒకరోజు కొత్త దుప్పటి పరిచారు. పిచిక మూల పట్టుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"అమ్మా, ఇది మన గుర్తే. కానీ ఎండ వాసన లేదు. నాన్న ఎక్కడ ఆరేస్తున్నాడు?"

నాకు తెలీదు. మా ఆయన రోజూ వస్తున్నాడు, క్యారేజీ పెడుతున్నాడు, పిల్ల తల నిమిరి వెళ్తున్నాడు. ఇంట్లో ఏం జరుగుతోందో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

మర్నాడు పిల్ల బట్టల కోసం ఇంటికి వెళ్ళాను. పెరట్లోకి అడుగు పెడితే కళ్ళు చిట్లించుకోవాల్సి వచ్చింది. దండేలు లేవు. ఒక్క తాడు కూడా లేదు. రాటలు పీకేసిన గుంటలున్నాయి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆ పెరడు ఖాళీగా నేను చూడలేదు. అడ్డం ఏమీ లేక ఎండంతా నేల మీదే పడి ఉంది, ఎవరికీ పనికిరానట్టు.

అత్తయ్య తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది. తాళ్ళన్నీ చుట్టలు చుట్టి పక్కన పెట్టి ఉన్నాయి.

"ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే తీసేశాడే," అంది. "కత్తెర ఇస్తానన్నాను, తీసుకోలేదు. ముళ్ళన్నీ వేళ్ళతోనే విప్పాడు. గోళ్ళలో రక్తం వచ్చింది. మాట్లాడడు. నేను మాత్రం ఏం మాట్లాడను? వాణ్ణి పడుకోబెట్టింది నేను, ఆ దుప్పట్ల కింద." ఆ మాటంటూ తన అరచేతుల వంక చూసుకుంది.

వేడిగది గొట్టంలోంచి పొగ వస్తోంది. నడివేసవిలో ఆ పొగ నేనెప్పుడూ చూడలేదు. తలుపు తోసి లోపలికి వెళ్ళాను. గోడ నుంచి గోడకి దుప్పట్లు వేలాడుతున్నాయి. పొయ్యి ముందు మా ఆయన బనీనుతో కూర్చుని బొగ్గు వేస్తున్నాడు. మొహమంతా మసి. చెమట కారినచోట గీతలు.

"ఇంత ఎండ బయట పెట్టుకుని," అన్నాను. "మామయ్య అనేవారు, ఎండ ఊరికే వస్తుందని."

"ఊరికే రాలేదుగా," అన్నాడు.

పార తీసుకుని ఇంకో రెండు పెళ్ళలు వేశాడు. నేను ఆరిన దుప్పటి ఒకటి లాగి ఒక కొస పట్టుకున్నాను. ఆయన లేచి చేతులు తుడుచుకుని రెండో కొస పట్టుకున్నాడు. మడత పెట్టాం. ఇంకోటి తీశాం. అన్నీ అయ్యేవరకూ మడత పెట్టి, నేను పిల్ల బట్టలు తీసుకుని ఆస్పత్రికి వెళ్ళిపోయాను.

వేసవి చివర్లో పంపించారు. కిడ్నీలు నిలబడ్డాయంది డాక్టరమ్మ. "ఈసారికి," అని కూడా అంది. ఏళ్ళ తరబడి మందులు, నెలనెలా పరీక్షలు, మబ్బు పట్టినా ఒళ్ళు కప్పుకునే బయటికి రావాలి. ఇంకేమైనా అడగాలా అంది. నేనొకటి అడిగాను, బొగ్గు పొయ్యి వెలుగు పిల్ల మీద పడొచ్చా అని. ఆవిడ నవ్వలేదు. "మంట వేడి వేరమ్మా. ఎండలో ఉన్నది అందులో ఉండదు. మరీ దగ్గరగా వద్దు, అంతే," అంది.

ఇంట్లో కిటికీలకి అట్టలు లేవు. మందపాటి నల్లగుడ్డతో తెరలు కుట్టి, గాలి ఆడేలా వేలాడదీశాడు మా ఆయన. రేకుల మీద గడ్డి పరిచాడు. ఒంటి మీద కట్టుకునేవి తప్ప మా ఇంట్లోకి వచ్చిన మొదటి రంగు గుడ్డ ఆ నల్లతెరే. అత్తయ్య దాన్ని రెండుమూడుసార్లు తడిమి చూసింది. నీళ్ళ చెంబు తెచ్చి ఒక మూల తడిపి, వెనక తన చేయి పెట్టి చూసింది. కనపడలేదు. ఆరేవరకూ అక్కడే నిలబడింది.

నాకు మాత్రం ఇంకా ఏమీ అనిపించేది కాదు. పిల్ల తిన్నదా అంటే తిన్నది. మందు వేసుకుందా అంటే వేసుకుంది. సంతోషించాల్సిన రోజులవి. ఎవరో దుప్పటి అడ్డం కట్టి ఇవతల నన్ను కూర్చోబెట్టినట్టు ఉండేది, అవతల ఇంట్లోవాళ్ళు తిరుగుతున్నట్టు.

మొదటి వాన పడిన సాయంత్రం. రేకుల మీద చప్పుడు, తడిమట్టి, ఒక్కసారిగా చలి. వేడిగదిలో మా ఆయన పొయ్యి ముందు ఉన్నాడు, నేను దుప్పట్లు తిప్పి వేస్తున్నాను. తలుపు తోసుకుని పిచిక వచ్చింది, పొడుగు చేతుల చొక్కా, తలకి గుడ్డ.

"చలేస్తోంది నాన్నా."

ఆయన నా వంక చూశాడు. పీట ఒకటి జరిపి, పొయ్యి తలుపు తెరిచాడు. లోపల బొగ్గు ఎర్రగా ఉంది. పిల్ల పీట మీద కూర్చుని రెండు చేతులూ చాచింది.

"ఇది ఎప్పటి ఎండో," అంది. "డైనోసార్లు కూడా పుట్టి ఉండవు అప్పటికి. ఇంతకాలం మట్టి కింద ఉండి ఉండి ఇప్పుడు బయటికొచ్చింది."

"నీకోసమే ఆగింది," అన్నాడు మా ఆయన. ఆస్పత్రి తర్వాత ఆయన నోట హాస్యంలాంటిది రావడం అదే మొదలు.

పిల్ల చేతులు వెనక్కీ ముందుకీ తిప్పుకుంటోంది. నేను దాని వెనక గోడ వంక చూశాను. ఆ చేతుల నీడ గోడ మీద పడింది. నల్లగా, గట్టిగా, వేలు వేలూ విడిగా. వెలుగు చేతుల దగ్గరే ఆగిపోయింది.

పొయ్యిలో ఏదో పెళ్ళ చిటపటమంది. చిన్న రవ్వ లేచి గుమ్మం దగ్గర పడి ఆరిపోయింది. అది పిల్ల తలగుడ్డ మీద పడినట్టు, గుడ్డ అంటుకున్నట్టు, గదినిండా ఆరిన దుప్పట్లు ఒకదాని తర్వాత ఒకటి అంటుకున్నట్టు, తలుపు గడియ బిగుసుకుపోయి రానట్టు కనపడింది నాకు.

"కాస్త వెనక్కి జరగవే," అన్నాను. "రవ్వ పడుతుంది."

"పడదమ్మా."

"పడితే? ఆ తలగుడ్డ తీసెయ్ ముందు. ఏవండీ, ఒక బకెట్టు నీళ్ళు ఇక్కడ ఉంచుకోవద్దూ? ఆ గొట్టం కూడా చూడండి, పొగ లోపలికే వస్తోందేమో. ఆ గడియ పట్టేసినట్టుంది ఎప్పట్నుంచో..."

తలుపు దగ్గర వానలో తడుస్తూ నిలబడి ఉంది అత్తయ్య.

"హమ్మయ్య," అంది లోపలికి వస్తూ. "వచ్చింది మా కోడలు."